కంబం తిన్నవాడు

సౌసాల్ వాగు గుడి గంటను ఎత్తుకుపోయిన ఏడు జరిగింది ఇది. మా వైపు ఏళ్లను అంకెలతో చెప్పేది కాగితాలు రాసేవాళ్లు మాత్రమే. మిగతా జనం వాగుల్ని బట్టి చెప్పుకుంటారు. మేకల వాగు ఏడు, వంతెన వాగు ఏడు, గంట వాగు ఏడు. మధ్యలో వాగు రాని ఏళ్లే ఎక్కువ. వాటికి పేర్లు లేవు.

గంట వాగు ఏడు నాటికి సౌసాల్‌లో మూడిళ్లే మిగిలాయి. ఒకటి నాబోర్ది, అతని భార్య హిలారియాది. రెండోది మెల్కియాదెస్ వాళ్లది, ఇంటినిండా ఆడపిల్లలు. మూడోదాంట్లో దోన్య ట్రాన్సితో అనే ముసలామె ఒక్కతే ఉండేది. ఎనభై దాటిన మనిషి. ఆమె భర్త దోన్ క్రిసోఫొరో పోయి తొమ్మిదేళ్లు. దోన్, దోన్య అని పెద్దవాళ్ల పేరు ముందు గౌరవానికి చేర్చి పిలుస్తాం.

ఊరికి తూర్పున ఎర్రగుట్ట నడుం మీద ఒక పాత గని ఉంది. పేరు లా తెర్కా, అంటే మొండిది. సీసం, వెండి, గోరంత బంగారం ఉండేవి దాంట్లో. ఒక వారం ఇచ్చేది, ఆ తరవాత మూడు నెలలు మొహం తిప్పుకునేది. సీసం ధర పడిపోయాక అందరూ దాన్ని వదిలేసి ఇరవై రెండేళ్లయింది. అంతకుముందు క్రిసోఫొరో మేస్త్రీగా ఉన్నప్పుడు నాబోర్ అక్కడే పదహారేళ్లు సమ్మెట కొట్టాడు.

తెర్కాలో పొడుగాటి సొరంగాలేం లేవు. గుమ్మం దాటగానే పెద్ద గది, అంతే. గది మధ్యలో రాతి కంబం. తవ్వినవాళ్లు పైకప్పు మొయ్యడానికి ఆ రాయిని తవ్వకుండా వదిలేశారు. గని మొత్తానికి మంచి రాయి ఆ కంబంలోనే ఉంది. అదీ తెర్కా మొండితనాల్లో ఒకటి. పనికి వచ్చినవాడు ముందుగా దానిమీద అరచెయ్యి ఆన్చి, "వస్తున్నానమ్మా" అనాలి. దిగేటప్పుడు మళ్లీ ఆన్చి, "వెళ్తున్నానమ్మా" అనాలి. మరిచిపోయినవాణ్ణి క్రిసోఫొరో ఎంత దూరం పోయినా వెనక్కి పిలిపించేవాడు.

ఆ కంబంలోంచి రాయి కొట్టుకోవడాన్ని మావాళ్లు కంబం తినడం అంటారు. గని మనిషిని దొంగ అంటే నవ్వి ఊరుకుంటాడు. కంబం తిన్నాడంటే చొక్కా చేతులు పైకి మడుస్తాడు.

నాబోర్ మూడు వారాలుగా కంబం తింటున్నాడు.

బావి మోటారు కాలిపోయింది. హిలారియా తెల్లారగానే రెండు డబ్బాలు తీసుకుని కొండవెనక ఊటకి నడిచేది. పోను ఒక గంట, రాను గంటన్నర. ఆమె మోకాళ్లు ఆ దారికి పనికొచ్చేవి కావు. ఒక్కరోజు కూడా సణగలేదు. డబ్బాలు దింపి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కాసేపు అలా వంగి నిలబడేది, అంతే. నాబోర్ అది చూసేవాడు. మాటలు తక్కువ మనిషి. చూసి గునపం అందుకునేవాడు.

"ఎక్కడికి?" అనేది హిలారియా.

"గుట్ట మీదకి."

"గుట్ట మీద ఏముంది?"

"గుట్ట."

ఇక ఆమె అడిగేది కాదు.

గని గుమ్మం పడమటి వైపు, ఊరి వైపు తిరిగి ఉంటుంది. మేకల్ని తోలుకుంటూ ఎవరైనా లోపలికి తొంగిచూస్తే కంబం ముందువైపే కనిపిస్తుంది. అందుకని నాబోర్ వెనకవైపు మొదలుపెట్టాడు. ఉలి పెట్టి, దెబ్బ వినపడకుండా సమ్మెట తలకి గుడ్డ చుట్టి కొట్టాడు. మూడు వారాల్లో చెయ్యి భుజందాకా పట్టేంత గొయ్యి పడింది. రాయి మాత్రం మంచిది. పగలగొడితే సీసం అద్దంలా మెరిసేది. మూడు గోతాలు నింపి, మూతి కట్టి గుమ్మం పక్కన పడుకోబెట్టాడు. ఇంకొక్క గోతాం చాలు. పట్నంలో రాయి కొనేవాడు పాత మోటారు ఒకటి ఇస్తానన్నాడు.

ఆ మూడు వారాల్లో ఒక్కసారి కూడా కంబం మీద అరచెయ్యి ఆన్చలేదు. సిగ్గేసింది.

ఆ రోజు మధ్యాహ్నం తూర్పు కొండలమీద మబ్బు నల్లగా కూర్చుంది. ఆగస్టులో రోజూ అలాగే కూర్చుంటుంది, సాయంత్రానికి లేచి పోతుంది. నాబోర్ పట్టించుకోలేదు. లోపల వంగి కొడుతున్నవాడికి కాళ్లకింద నేల సన్నగా వణికినట్టనిపించింది. పైకప్పు అనుకుని బయటికి దూకాడు. పైకప్పు కాదు. వాగు.

ఎక్కడో కొండల్లో పడిన వాన మొత్తం ఎండు వాగులోకి ఒక్కసారి దిగింది. ఎర్రటి నీళ్లు గోడలా వస్తున్నాయి, ముందర వేళ్లతో సహా పెరికిన ముళ్లతుమ్మల్ని దొర్లించుకుంటూ. అతను చూస్తుండగానే గుడి ఒక పక్కకి ఒరిగింది. గంట ఒక్కసారి మోగింది. తరవాత అతని ఇంటి కప్పు పడవలా తిరిగి, మెల్లిగా, మర్యాదగా వెళ్లిపోయింది.

హిలారియా. ఆ పేరు తప్ప తలలో ఇంకేమీ లేదు. నాలుగు అంగలు కిందికి వేశాడో లేదో, గుట్ట దారిలో మనుషులు కనిపించారు.

ముందు మెల్కియాదెస్ కంచరగాడిద ముకుతాడు పట్టుకుని నడుస్తున్నాడు. దానిమీద దోన్య ట్రాన్సితో, నల్ల శాలువా తలమీద కప్పుకుని. వెనక మెల్కియాదెస్ భార్య ఎదువిహెస్, ముగ్గురు కూతుళ్లు, పెద్దదాని చంకలో దాని అయిదు నెలల పసిగుడ్డు. అందరికంటే వెనక హిలారియా, ఒక చేత్తో కాఫీ గిన్నె, ఇంకో చేత్తో పేలపిండి సంచి. నాబోర్‌ అక్కడే రాయిమీద కూర్చుని మళ్లీ లేచాడు.

అప్పుడే వడగళ్లు మొదలయ్యాయి. ముందు శనగగింజలంత, తరవాత నిమ్మకాయలంత. గాడిద తల విదిలించింది. గుట్టమీద గని తప్ప ఇంకో నీడ లేదు. అందరూ గని వైపే వస్తున్నారు.

నాబోర్ వెనక్కి పరిగెత్తి గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"లోపలికి వద్దు."

మెల్కియాదెస్ ఆగాడు. అతని టోపీ మీద వడగళ్లు టపటప పడుతున్నాయి. అతని పెద్ద కూతురి జ్ఞానస్నానం నాడు పాపని ఎత్తుకున్నది నాబోరే, అప్పట్నించీ ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రె అనుకుంటారు.

"ఏం కొంపాద్రె, బంగారం పడిందా? పంచుకోవాల్సి వస్తుందనా?"

"లోపలికి వద్దన్నాను."

"మరి పసిదాన్ని నీ టోపీలో పెట్టుకుంటావా? జరుగు."

"నాబోర్," అంది హిలారియా వెనకనించి. "తప్పుకో. పాప తడుస్తోంది."

అతను కదల్లేదు. ఒక వడగల్లు పసిదాని నుదుటి పక్కగా తగిలి జారింది, తల్లి తన వీపు అడ్డం పెట్టింది. చెప్పకపోతే వీళ్లు తనని తోసుకుని వెళ్తారు. వెళ్లి ఆ కంబం పక్కనే కూర్చుంటారు, దాన్ని గోడలా నమ్మి.

"కంబం తిన్నాను," అన్నాడు.

మెల్కియాదెస్ నోరు నవ్వడానికని తెరుచుకుంది, అలాగే ఉండిపోయింది. హిలారియా అతని మొహం చూడలేదు. గుమ్మం పక్కనున్న గోతాల వైపు చూసింది, చూసి తన మోకాళ్ల వైపు చూసుకుంది. అర్థమైనట్టుంది.

గాడిద మీదినించి దోన్య ట్రాన్సితో అడిగింది. "ఏ పక్క?"

"వెనక పక్క, దోన్యా."

"ఎంత?"

అతను తన చెయ్యి చాపి భుజందగ్గర వేలు పెట్టి చూపించాడు.

"నన్ను దింపండి," అందామె.

దింపారు. ఆమె అతని చెయ్యి పక్కకి నెట్టి, తలుపు తీసుకుని తనింట్లోకి వెళ్లినట్టు లోపలికి వెళ్లింది. నాబోర్ కార్బైడు దీపం పట్టుకుని వెనకే పోయాడు. ఆమె కంబం ముందువైపు అరచెయ్యి ఆన్చింది. గోడ పట్టుకుని వెనక్కి నడిచి, గొయ్యిలోకి చెయ్యి పెట్టి చూసింది. పైకప్పునించి సన్నగా, పిండి జల్లినట్టు, మన్ను రాలుతోంది.

"ఇటు వెలుగు పెట్టు," అంటూ మళ్లీ ముందువైపుకి వచ్చింది. వేలిగోటితో కంబాన్ని గీకింది. నున్నటి రాయి అనుకున్నది పెచ్చులా ఊడింది. కింద చిన్నచిన్న రాళ్లు, ఒకదాని సందులో ఒకటి, పేర్చిన గోడ.

నాబోర్ దాన్ని చూస్తూ నిలబడ్డాడు. పదహారేళ్లు రోజుకి రెండుసార్లు తను చెయ్యి ఆన్చిన చోటు అది.

"నా మట్టి," అంది దోన్య ట్రాన్సితో. "గని బురదలో రాతిపొడి కలిపి నేనే మెత్తాను. నువ్వు పనికి రాకముందు ఏడు. మా అమ్మాయి రోసౌరాకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది, ఎర్మొసియో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. క్రిసోఫొరో ఈ పక్క తిన్నాడు, నీకంటే ఎక్కువే తిన్నాడు. పిల్ల బతికింది. తరవాత నాలుగు నెలలు ఆదివారాలు మేమిద్దరం వచ్చి పేర్చాం. మనుషులు చూస్తే భయపడతారని పైన మెత్తాం."

"దోన్ క్రిసోఫొరోనా," అన్నాడు మెల్కియాదెస్. అతను కూడా లోపలికి వచ్చేశాడు, అందరూ వచ్చేశారు, గాడిదతో సహా. బయట వడగళ్లు మోకాలెత్తు ఎగురుతున్నాయి. "చెయ్యి ఆన్చలేదని నన్ను సగం దారినించి వెనక్కి పిలిపించిన దోన్ క్రిసోఫొరో?"

"ఆయనే. చెయ్యి ఆన్చితే రాళ్లు కదిలాయో లేదో మీ మొహాలు చూసి తెలుసుకునేవాడు."

"ఇన్నేళ్లు మాతో పరీక్ష చేయించాడన్నమాట."

"మీరు కూలీ తీసుకోలేదా?" అంది ఆమె.

నాబోర్ నోరు తెరిచాడు. "దోన్యా, ఇది ఎవరికీ తెలీదు. ఆయన పేరు..."

"ఆయన ఏమీ అనుకోడు. అనుకుంటే నన్నే అడుగుతాడు, నేనెలాగూ అటే పోతున్నాను." ఆమె శాలువా నడుముకి బిగించి కట్టుకుంది. "ఇప్పుడు లెక్క విను. ఈ పక్క సగం మేం పేర్చిన గోడ. అసలు రాయి ఉన్నది ఆ పక్కే. నువ్వు తిన్నది దాన్నే. మధ్యలో నా నడుమంత మిగిలింది. నా నడుం ఎలా ఉందో చూస్తున్నావుగా. ఇక నిలబడి చూడకు. రాళ్లు."

మొదటగా ఆ మూడు గోతాలే విప్పారు. నాబోరే విప్పాడు. మెరిసే రాళ్లను ఒక్కొక్కటే గొయ్యిలోకి పెట్టాడు, బరువైనవి అడుగున. ఎక్కడినించి వచ్చిందో ఆ రాయి మళ్లీ అక్కడికి సరిగ్గా అమరదు. పగిలిన రాయి చోటు ఎక్కువ తీసుకుంటుంది, కానీ మధ్యలో సందులు ఉంటాయి. ఆ సందులకి చిన్న చీలికలు కావాలి. గుమ్మం లోపలి పక్కన పాత రాళ్లకుప్ప ఉంది. అక్కడినించి కంబందాకా వరసలో నిలబడ్డారు. చిన్న కూతురు ఏరుతుంది, నడిమిది అందుకుంటుంది, ఎదువిహెస్, హిలారియా, మెల్కియాదెస్, చివర నాబోర్. దోన్య ట్రాన్సితో బోర్లించిన బొక్కెన మీద కూర్చుని చెబుతోంది.

"అది కాదు, బల్లపరుపుది. నిలువుగా పెట్టకురా, పడుకోబెట్టు. నువ్వు పడుకునేటప్పుడు నిలబడతావా?"

"వీడు గాడిద మీద కూర్చుని కూడా నిద్రపోతాడు దోన్యా," అన్నాడు మెల్కియాదెస్.

"నిన్ను అడగలేదు. రాయి ఇవ్వు."

పసిది ఏడ్చింది. తల్లి గాడిద పొట్ట పక్కన కూర్చుని పాలిచ్చింది. బయట ఉరిమినప్పుడల్లా పైనించి మన్ను రాలేది, అందరి చేతులూ ఆగేవి. రాలడం ఆగగానే మళ్లీ కదిలేవి. వెళ్లిపోదాం అని ఒక్కరూ అనలేదు. వెళ్లడానికి చోటు లేదనేది నిజమే. కానీ నాబోర్‌కి అది కాదు అనిపించింది. తను పాడుచేసిన కప్పు కింద నిలబడి, తన చేతికే రాళ్లు అందిస్తున్నారు. తిట్టినా బాగుండేది. హిలారియా అందించే ప్రతి రాయినీ చేతిలో ఒకసారి తిప్పి, మంచి వైపు అతనికి వచ్చేలా ఇస్తోంది.

"ఈ రాయి నా మోకాళ్ల కోసమా?" అని అడిగింది ఒకసారి, మెల్లిగా.

"మోటారు కోసం."

"అదే అంటున్నా." తరవాతి రాయి ఇచ్చింది. "బావే పోయింది. చూశావా?"

"చూశాను."

"ఇక మోటారు అక్కర్లేదు."

అతనికి నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో వచ్చింది కనక నోటికి దారి తెలియక ముక్కులోంచి వచ్చింది.

గొయ్యి నిండింది, పైన నాలుగు వేళ్ల సందు మాత్రం మిగిలింది. రాళ్లు ఎంత పేర్చినా పైకప్పుకి తగలవు, అసలు కష్టం అక్కడే. పాత రోజుల్లో రాయి జారవిడిచే తొట్టి చెక్కలు మూలన పడి ఉన్నాయి. ముళ్లతుమ్మ చెక్క, ఇరవై రెండేళ్లు ఎండి ఇనుములా ఉంది. మెల్కియాదెస్ గొడ్డలితో చీల్చాడు, నాబోర్ వాటిని ఒక పక్క సన్నగా చెక్కి సందులోకి కొట్టాడు, ఎదురెదురుగా రెండేసి.

"ఇప్పుడు నీళ్లు," అంది దోన్య ట్రాన్సితో.

"వాగునిండా ఉన్నాయి," అన్నాడు మెల్కియాదెస్.

కూతుళ్లు గుమ్మం దగ్గర కరిగిన వడగళ్లని టోపీల్లో పట్టి తెచ్చారు. నాబోర్ గోనెముక్క ముంచి చెక్కల మీద పిండాడు. ఎండు చెక్క నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఉబ్బి బిగుస్తుంది. అది ఒక్క నిమిషంలో అయ్యే పని కాదు. తడపడం, కూర్చోవడం, మళ్లీ తడపడం. వడగళ్లు ఆగి వాన పట్టుకుంది. హిలారియా పేలపిండి నీళ్లలో కలిపి గిన్నెలో అందరికీ తిప్పింది. ఒకే గిన్నె. తన వంతు వచ్చినప్పుడు నాబోర్ తల అడ్డంగా ఊపాడు.

"తాగు కొంపాద్రె," అన్నాడు మెల్కియాదెస్. "కంబం తిన్నవాడికి దాహం వేస్తుంది."

ఆ మాట బయటికి వచ్చేసింది. పిల్లలు తలలు తిప్పి చూశారు. నాబోర్ మెల్కియాదెస్ మొహంలోకి చూశాడు. దాంట్లో ఎగతాళి ఉంది, ఎప్పుడూ ఉండేదే, అంతకు మించి ఇంకేమీ లేదు. గిన్నె అందుకుని తాగాడు.

సాయంత్రం అవుతుండగా చెక్క మూలిగింది. ఒకటి, తరవాత పక్కది. ఎదువిహెస్ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. నాబోర్ మాత్రం చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. బరువు మీద పడ్డ చెక్క అలాగే మూలుగుతుంది. గునపం అందుకుని పైకప్పుని అక్కడక్కడా తట్టాడు. మధ్యాహ్నం తట్టి ఉంటే డోలులా గుల్లగా మోగేది. ఇప్పుడు గట్టిగా, ఖణేల్మని పలికింది. మన్ను రాలడం ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

"పట్టుకుంది," అన్నాడు.

"నాకు వినపడింది," అంది దోన్య ట్రాన్సితో, కళ్లు మూసుకునే. "ముసలిదాన్ని, చెవిటిదాన్ని కాదు."

వాన వెలిశాక చీకటి పడకముందే కిందికి దిగారు. మెల్కియాదెస్ మేకలదొడ్డి గట్టు మీద ఉండబట్టి మిగిలింది. ఆ రేకుల కిందే అందరికీ పక్కలు వేశారు. దిగేముందు నాబోర్ ముసలామెని గాడిద మీదికి ఎత్తి కూర్చోబెట్టాడు. ఎంత తేలికగా ఉందో.

"దోన్యా," అన్నాడు. ముకుతాడు సర్దాడు, మళ్లీ సర్దాడు. చివరికి, "రోసౌరా బాగుందా?" అన్నాడు.

"బాగుంది. నొగాలెస్‌లో ఉంది, ముగ్గురు పిల్లలు. లావెక్కింది." ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. "పద నాయనా, నాకు నడుం నొప్పిగా ఉంది."

మర్నాడు పొద్దున నాబోర్ అందరికంటే ముందు లేచి మెల్కియాదెస్ గొడ్డలి అడక్కుండానే తీసుకున్నాడు. వాగు తగ్గింది. ఒడ్డంతా బురద, ఆ బురదలో వేళ్లతో సహా పడి ఉన్న ముళ్లతుమ్మలు. వాటిల్లో తిన్నగా పెరిగినవి మూడు చూసుకుని, కొమ్మలు నరికి, మొద్దుల్ని ఒక్కొక్కటే భుజం మీద గుట్ట ఎక్కించాడు. మూడోది ఎక్కించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. గుమ్మం ముందు కూర్చుని, పైకప్పుకి ఊతంగా పచ్చి బెరడుతో నిలబెడితే పురుగు పడుతుందని, మొదటి మొద్దు ఒళ్లో పెట్టుకుని బెరడు ఒలవడం మొదలుపెట్టాడు.